గుర్రపుడెక్కను తినే పురుగు రేపు మన మిర్చి మీద పడదా?

ప్రశ్న: మాది గుంటూరుకు దగ్గర్లో, ప్రత్తిపాడు వైపు ఊరు. ఊరి చెరువు నిండా గుర్రపుడెక్క. బడి ఆవరణలో, చేలగట్ల మీద అంతా వయ్యారిభామ. చెరువులో రెండేళ్లకోసారి పొక్లెయిన్ పెట్టి తీయిస్తున్నాం, మళ్లీ నిండుతోంది. ఈ రెండింటినీ తినే పురుగులు ఉన్నాయని, తెచ్చి వదిలితే ఖర్చు లేకుండా పోతాయని ఒకాయన చెప్పారు. మా పెద్దవాళ్లేమో ‘కలుపు అయిపోయాక ఆ పురుగు మిర్చి మీదా పత్తి మీదా పడదని గ్యారంటీ ఏంటి?’ అంటున్నారు. నిజంగా పనిచేస్తుందా? ప్రమాదం లేదా?

జవాబు:

తమ్ముడూ, ముందు మీ పెద్దవాళ్ల ప్రశ్నకు జవాబు చెబుతాను. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. 2021లో నల్ల తామరపురుగు పూతలో దూరి మన మిర్చిని ఏం చేసిందో చూసినవాళ్లెవరికైనా ‘బయటి దేశం పురుగు’ అనగానే గుండె గుభేలుమంటుంది. ఎన్ని మందులు కొట్టినా లొంగక తోటలకు తోటలు దున్నేసుకున్నారు. ముప్పై ఏళ్లు కలుపు మొక్కల మీదే పనిచేసి రిటైరైన నాకే, ఆ ఏడాది ఏ ఊళ్లోనూ ‘ఫలానా పురుగును వదులుదాం’ అనడానికి నోరు రాలేదు.

అయితే ఆ తామరపురుగును ఎవరూ పరీక్షించి తేలేదు. ఆగ్నేయాసియాది అది. మన దేశంలో 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద మొదట కనబడింది, తర్వాత మిర్చిలోకి దిగింది. బొప్పాయి, మిర్చి, పూలమొక్కలు, ఏది దొరికితే అది దానికి తిండే. కలుపు కోసం కావాలని తెచ్చే పురుగు ఇందుకు పూర్తిగా తలకిందులు. ఆ కలుపు మీద తప్ప మన పంటల మీద బతకదని తేలితేనే దాన్ని దేశంలో బయటికి వదలనిస్తారు.

ఆకలేస్తే ఏదైనా తింటుంది కదా అంటారు. పట్టుపురుగుల షెడ్డు ఎప్పుడైనా చూశారా? మల్బరీ ఆకు అందకపోతే ఆ పురుగు తట్టలోనే చచ్చిపోతుంది. పక్కనే మిర్చి తోట ఉన్నా అటు పోదు. మనిషి ఆకలి వేరు, పురుగు ఆకలి వేరు. కొన్ని పురుగులు వేల ఏళ్లుగా ఒకే మొక్కతో బతికి, దాని వాసన తగిలితేనే గుడ్డు పెడతాయి, దాని ఆకు అయితేనే అరిగించుకుంటాయి. కలుపు పనికి ఏరుకునేది అలాంటి మడికట్టుకున్న పురుగులనే. కలుపు తగ్గితే వాటి సంతతీ తగ్గిపోతుంది. కలుపు మళ్లీ లేస్తే అవీ మళ్లీ లేస్తాయి.

అంత నమ్మకంగా చెప్పడానికి ముందు జరిగే పని చాలానే ఉంటుంది. బయటికి ఈగ కూడా పోలేని గదుల్లో ఆ పురుగును పెంచుతారు. ముందు ఆ కలుపుకు దగ్గరి చుట్టాలైన మొక్కలు ఇస్తారు, తర్వాత కాస్త దూరపువి, ఆ తర్వాత ఆ ప్రాంతంలో జనం తినే, అమ్మే పంటలన్నీ ఇస్తారు. కొన్ని పరీక్షల్లో అసలు కలుపు ఉండనే ఉండదు. ఎదురుగా పంట మొక్క ఒక్కటే: తిను, లేదా చావు. అప్పుడు కూడా ఆ పంట మీద గుడ్లు పెట్టి పిల్లల్ని చేయలేకపోతేనే పాసైనట్టు. మన దేశంలో ఇలాంటి పురుగును తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ కింద కేంద్రం అనుమతి ఉండాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. పురుగు వల్ల ప్రమాదం ఉండే పంట ఏదో మొక్క కుటుంబాన్ని బట్టి తెలుస్తుంది. వయ్యారిభామది పొద్దుతిరుగుడు, బంతి, చామంతి, కుసుమల కుటుంబం. మిర్చిది వంగ, టమాటాల కుటుంబం. పత్తిది బెండ కుటుంబం. అంటే వయ్యారిభామను తినే పురుగు విషయంలో మీ ఊరి మిర్చి, పత్తి రైతులు కాదు, అనుమానపడితే పొద్దుతిరుగుడు రైతు పడాలి.

నిజంగానే పడ్డాడు కూడా. వయ్యారిభామ మీద పనిచేసే పెంకు పురుగు పేరు జైగోగ్రామా బైకలరేటా. పుట్టిల్లు మెక్సికో. 1983లో బెంగళూరుకు తెచ్చి, పరీక్షించి, 1984లో బయటికి వదిలారు. కొన్నేళ్లకు కర్ణాటకలో పొద్దుతిరుగుడు ఆకుల మీద అది కనిపించింది. ఇంకేముంది, గగ్గోలు. ప్రభుత్వం నిజనిర్ధారణ కమిటీ వేయాల్సి వచ్చింది. చివరికి 1993లో వచ్చిన పరిశోధన అసలు సంగతి చూపించింది. పొద్దుతిరుగుడు ఆకుల మీద చుట్టుపక్కల వయ్యారిభామ పుప్పొడి రాలి ఉంది. ఆ పుప్పొడి రుచికి పురుగు ఆకును కొరుకుతోంది, అంతే. ఆ పంట మీద సంసారం పెట్టలేకపోయింది. వదిలి నలభై ఏళ్లు దాటింది, అది పొద్దుతిరుగుడు పురుగుగా మారలేదు.

దీన్ని చూపించి ‘చూశారా, భయమే లేదు’ అనను. చేలో ఆకు మీద రంధ్రాలు కనిపించిన రైతుకు నిద్రపట్టదు, వాడికి పుప్పొడి కథ ఓదార్పు కాదు. వదిలే ముందే ఆ చుట్టుపక్కల రైతులకు ‘ఇలాంటిది కనిపించవచ్చు, కారణం ఇది’ అని చెప్పి ఉంటే అంత గోల ఉండేది కాదని నా అభిప్రాయం.

ఇక నిజంగా బెడిసికొట్టినవి. చెరకు పురుగుల కోసమని 1935లో ఆస్ట్రేలియాలో వదిలిన కేన్ టోడ్ అనే పెద్ద కప్ప, చెరకు తోటల్లో ఎలుకల కోసం 1883లో హవాయికి తెచ్చిన ముంగిస. ఇవి చదివినవాళ్లు ‘జీవ నియంత్రణ (ఒక జీవితో ఇంకో జీవిని అదుపు చేయడం) అంటే ఇదే’ అని వాదిస్తారు. అంత దూరం ఎందుకు, దోమల కోసం మన మురుగు కాలువల్లో, చెరువుల్లో వదిలే గంబూసియా చేప కూడా ప్రపంచంలో అతి చెడ్డ ఆక్రమణ జీవుల జాబితాలో ఉంది. మన చెరువుల్లో సహజంగా ఉండే చిన్న చేపల గుడ్లనూ పిల్లలనూ కూడా అది వదలదు. ఈ మూడింటిలోనూ తప్పు ఒకటే: ‘ఇది ఇంకేం తింటుంది?’ అని వదలకముందు ఎవరూ గట్టిగా అడగలేదు. కప్పకూ ముంగిసకూ చేపకూ మడి లేదు.

కలుపు పురుగుల్లో కూడా మచ్చలు లేకపోలేదు. అర్జెంటీనా నుంచి తెచ్చిన కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మెట 1925 తర్వాత ఏడెనిమిదేళ్లలో ఆస్ట్రేలియాలో రెండు కోట్ల నలభై లక్షల హెక్టార్లను కమ్మేసిన నాగజెముడును కూల్చేసింది. ఆ దేశానికి సొంత నాగజెముళ్లు లేవు కాబట్టి చిక్కు రాలేదు. అదే చిమ్మెటను 1957లో కరీబియన్ దీవుల్లో వదిలారు. 1989 నాటికి అది అమెరికాలోని ఫ్లోరిడాలో తేలింది. అక్కడ నాగజెముళ్లు సొంత మొక్కలు. పురుగు అదే, పని అదే. ఒకచోట దేవుడు, ఇంకోచోట దయ్యం. అందుకే ‘ఈ పురుగు సేఫేనా?’ అని కాకుండా ‘ఇక్కడ సేఫేనా?’ అని అడగాలి. మొత్తం లెక్క మాత్రం నమ్మకం కలిగించేదే. ప్రపంచమంతా కలుపు మీదికి కావాలని వదిలిన ఐదు వందలకు పైగా జీవుల చిట్టాను 2014లో ఒక సమీక్ష పరిశీలించింది. నూటికి తొంభై తొమ్మిదికి పైగా వాటి వల్ల వేరే మొక్కలకు చెప్పుకోదగ్గ హాని కనబడలేదు.

మన దక్షిణాదికి ఇది కొత్త విద్య కూడా కాదు. 1795లో ఎర్ర రంగు పరిశ్రమ పెడదామని బ్రెజిల్ నుంచి ఒక పిండినల్లిని ఇండియాకు తెచ్చారు. వచ్చింది రంగు పురుగు కాదు, దాని తమ్ముడు. రంగు రాలేదు గానీ ఒక రకం నాగజెముడు మాత్రం మాయమైంది. ఇంకో రకం నాగజెముడు దక్షిణాది పొలాలను కమ్మేస్తే 1926లో శ్రీలంక నుంచి దానికి సరిపోయిన మరో పిండినల్లిని తెచ్చారు. ఐదారేళ్లలో వేల హెక్టార్లు ఖాళీ అయ్యాయి. పిండినల్లి అంటే పత్తి రైతుకు శత్రువే, నాకు తెలుసు. కానీ ఆ పిండినల్లి నాగజెముడును దాటి బయటికి రాలేదు.

ప్రమాదం సంగతి ఇది. పనిచేస్తుందా అన్నది వేరే లెక్క. ప్రమాదం సంగతి వదలకముందే ల్యాబ్‌లో చాలావరకు తేలిపోతుంది, ఫలితం మాత్రం మీ చెరువు దగ్గరే తేలాలి.

గుర్రపుడెక్క మీద పనిచేసేవి రెండు ముక్కు పురుగులు, రెండూ నియోకెటినా జాతివే. దక్షిణ అమెరికావి. 1982 ప్రాంతంలో బెంగళూరుకు తెచ్చి, అక్కడి చెరువుల్లో వదిలితే కొన్నింటిలో రెండు మూడేళ్లకు డెక్క కుంగిపోయింది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1990ల చివర డెక్క భారీగా తగ్గడంలో కూడా వీటి చేయి ఉంది. అక్కడ ఎల్‌నినో వాతావరణం కూడా కలిసొచ్చిందనే వాదన ఉంది, అందుకని మొత్తం ఖ్యాతి పురుగుకే కట్టబెట్టను.

అవి పనిచేసే తీరు చూస్తే ఎందుకు ఇంత ఆలస్యమో అర్థమవుతుంది. పెద్ద పురుగు గోధుమ గింజంత కూడా ఉండదు, బూడిద రంగు. పగలు మొక్క మొవ్వులో దాక్కుంటుంది, రాత్రి ఆకు పైపొరను గీకి తింటుంది. ఆకు మీద చిన్న గింజంత లేత గోధుమ రంగు మచ్చలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. అసలు దెబ్బ దానిది కాదు, దాని పిల్లది. ఉబ్బెత్తుగా గాలితో తేలే ఆ కాడ ఉంది చూడండి, దాన్ని బొటనవేలి గోరుతో నిలువునా చీల్చండి. లోపల స్పంజులాంటి కండలో గోధుమ రంగు సొరంగం కనబడితే, దాని చివర తెల్లటి, కాళ్లు లేని చిన్న పురుగు ముడుచుకుని ఉంటుంది. అది కాడను తొలుచుకుంటూ మొవ్వు దాకా దిగుతుంది. తొలిచిన దారిలో నీళ్లు చేరి, కుళ్లు చేరి, కాడ తేలే శక్తి పోతుంది. తర్వాత ఆ పిల్ల నీళ్లలోకి దిగి, వేళ్లను చుట్టుకుని గూడు కట్టుకుంటుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా మూడు నాలుగు నెలలు. గుర్రపుడెక్క మాత్రం మంచి ఎరువు నీళ్లు దొరికితే ఒకటి రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. మొదటి ఏడాది పందెంలో పురుగు ఓడిపోయినట్టే కనబడుతుంది.

నా అనుభవంలో తెనాలి వైపు ఒక ఊరి చెరువు ఉంది. రెండు వైపుల నుంచి ఇళ్ల మురుగు అందులోకే. డెక్క మనిషి నడుమెత్తు పెరిగేది. పురుగులు వదిలాం. మొదటి ఏడాది ఊరివాళ్లు నన్ను చూసి నవ్వారు. రెండో ఏడాది వానాకాలం పోయేసరికి మొక్క మోకాలెత్తుకు వచ్చింది, ఆకులు తుప్పు పట్టినట్టు అయ్యాయి, పూత బాగా తగ్గింది. చెరువు మధ్యలో అక్కడక్కడ నీళ్లు కనబడ్డాయి. నాకు లోపల సంబరం. మూడో ఏడాది ఒక పెద్దమనిషి పర్యటన ఉందని, వారం ముందు ఎవరో కాంట్రాక్టరు చేత చెరువంతా కలుపుమందు కొట్టించారు. నాతో ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. డెక్క ఎండి మునిగిపోయింది, దానితోపాటు కాడల్లోని పిల్లలు, వేళ్ల మీది గూళ్లు అన్నీ పోయాయి. కుళ్లిన చెత్తకు నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు తేలాయి. ఆ తర్వాత? గుర్రపుడెక్క విత్తనం బురదలో పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. మరుసటి వానలకు చెరువు మళ్లీ పచ్చబడింది, ఈసారి పురుగు లేకుండా.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, పురుగు ఓడిపోవడం కన్నా మనం దాన్ని ఓడించడం ఎక్కువసార్లు చూశాను. పొక్లెయిన్ పెట్టి మొత్తం తీసి గట్టున పోస్తారు, పురుగు గట్టున ఎండిపోతుంది. నీళ్లలో మిగిలిన నాలుగు పిలకలు మాత్రం సుఖంగా పెరుగుతాయి. కలుపులో ఒక మూలను, కనీసం ఐదో వంతును, కావాలని వదలండి అంటే పంచాయతీలో ఎవరికీ మనసొప్పదు. డబ్బు ఖర్చుపెట్టి సగం పని చేయించినట్టు ఉంటుంది వాళ్లకు. కానీ ఆ మూలే పురుగుకు ఇల్లు.

మీ చెరువుకు ఇది సరిపోతుందా అంటే మూడు సంగతులు చూడాలి. మురుగు ఎంత కలుస్తోంది, ఎండాకాలం నీళ్లుంటాయా, నీళ్లు కదులుతాయా. మురుగు ఎక్కువైతే మొక్క పెరుగుదల పురుగును దాటిపోతుంది, అప్పుడు ముందు మురుగును మళ్లించాలి. వేసవిలో ఎండే చెరువైతే పురుగు ఏటా మొదటికొస్తుంది. కదిలే నీళ్లైతే అసలు అడగకండి. కృష్ణా డెల్టా కాలువల్లో పురుగులు వదలమని నన్ను అడిగినవాళ్లు చాలామంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, ఇటు కొమ్మమూరు కాలువ, అన్నింటిలోనూ డెక్క ప్రవాహంతోపాటు కదిలి లాకుల దగ్గర, వంతెనల స్తంభాల దగ్గర పేరుకుంటుంది. పురుగున్న మొక్క ఈ రోజు విజయవాడలో ఉంటే కొన్నాళ్లకు సముద్రం దారి పడుతుంది. పైగా వేసవిలో కాలువలు కట్టేస్తారు. అక్కడ యంత్రమే మార్గం, అది కూడా లాకుల దగ్గర డెక్క పేరుకునే చోటనే ఎప్పటికప్పుడు తీయడం. పురుగు పని నిలకడ నీళ్లలో.

ఇంకో మాట. మీ చెరువులో ఉన్నది నిజంగా గుర్రపుడెక్కేనా? నవ్వకండి. ఊదా పూలు, ఉబ్బిన కాడ ఉంటే అదే. క్యాబేజీ పువ్వులా నీళ్ల మీద పరుచుకునేది అంతరతామర, తీగలా పాకేది తూటికాడ. ఈ ముక్కు పురుగులు ఆ రెండింటినీ కన్నెత్తి చూడవు. పేరు పొరపాటు పడితే ఏమవుతుందో సాల్వీనియా కథ చెబుతుంది. చిన్న ఆకుల నీటి ఫెర్న్ అది. కేరళలో దాన్ని ఆఫ్రికన్ పాయల్ అంటారు, కుట్టనాడు వరి పొలాలనూ కాలువలనూ మూసేసిందది. శాస్త్రవేత్తలు దాన్ని మొదట వేరే జాతి అనుకుని, ఆ జాతి మీది పురుగులను తెచ్చి ఎన్నో చోట్ల వదిలితే ఫలితం రాలేదు. 1972లో అది ఆ జాతి కాదు, కొత్త జాతి అని తేల్చారు. 1978లో దాని అసలు పుట్టిల్లు ఆగ్నేయ బ్రెజిల్‌లో దొరికింది. అక్కడి మొక్క మీద ఉన్న ముక్కు పురుగును తెచ్చి 1980లో ఆస్ట్రేలియాలోని మూన్‌డారా సరస్సులో వదిలితే ఏడాది చిల్లరలో సరస్సు శుభ్రమైంది. తమాషా ఏంటంటే ఆ పురుగు కూడా పాత పురుగే అనుకున్నారు, చూస్తే అది శాస్త్రానికే కొత్త జాతి, సిర్టోబాగస్ సాల్వీనియే. తర్వాత అదే కేరళకు వచ్చి కుట్టనాడును కాపాడింది. మొక్క పేరు సరిగ్గా పట్టుకోవడానికే అన్నేళ్లు పట్టింది.

డెక్క తగ్గాక చెరువు ఖాళీగా ఉంటుందనుకోకండి. మురుగు అలాగే కలుస్తుంటే ఆ చోటు అంతరతామరో తూటికాడో ఆక్రమిస్తుంది. కొందరు గడ్డిచేపను వేయమంటారు. గడ్డిచేప నీటి లోపల పెరిగే నాచు, హైడ్రిల్లాలాంటివి బాగా తింటుంది, గుర్రపుడెక్క దానికి రుచించదు.

వయ్యారిభామ దగ్గరికి వద్దాం. దీని గురించి మీ ఊళ్లో బెంగళూరు నుంచి పెట్టెల్లో తెప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. జైగోగ్రామా ఇప్పటికే దేశమంతా పాకింది. వానలు పడ్డాక జులై, ఆగస్టుల్లో వయ్యారిభామ గుబురుల్లో వెతకండి. కందిగింజంత పెంకు పురుగు, మీగడ రంగు మీద ముదురు గోధుమ రంగు వంకర చారలు. ఆకు అడుగున నారింజ పసుపు గుడ్లు. దొరికిన చోట నుంచి ఉదయం పూట గుడ్డ సంచిలో ఏరుకుని, నాలుగు వయ్యారిభామ రెమ్మలు కూడా వేసుకుని, మీ ఊళ్లో ఒకే చోట కనీసం ఐదు వందలు వదలండి. ఊరంతా పదేసి చొప్పున చల్లితే జంటలు కలవక చెదిరిపోతాయి. దగ్గర్లో దొరకకపోతే లాం ఫారంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లనో, జబల్‌పూర్‌లోని జాతీయ కలుపు పరిశోధన డైరెక్టరేట్‌నో అడగండి. జబల్‌పూర్ వాళ్లు ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు పార్థీనియం (వయ్యారిభామ) వారం జరుపుతారు, ఈ పురుగులను పంచుతారు కూడా.

దీని మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దని మాత్రం చెబుతాను. నేల తడిగా ఉన్నప్పుడే అది మట్టిలోకి దిగి ప్యూపా (గూటి దశ) అవుతుంది. వానలు ఆగి చలి ముదిరేసరికి మట్టిలోనే నిద్రపోతుంది, మళ్లీ తొలకరికే లేస్తుంది. మన దగ్గర కాలువ నీళ్లు, బోర్లు ఉన్న గట్ల మీద వయ్యారిభామ జనవరిలోనూ పూస్తుంది, మార్చిలోనూ పూస్తుంది. అప్పుడు పురుగు నిద్రలో ఉంటుంది. ఒక్కో మొక్క పదిహేను వేలకు పైగా విత్తనాలు రాలుస్తుంది. అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో పురుగు మొక్కలను కాడలు మాత్రమే మిగిల్చి తిన్నా, మిగతా నెలల పని మీదే.

అందుకని బడి ఆవరణలో పురుగు కోసం ఎదురుచూడకండి. పిల్లలు తిరిగేచోట ఒంటికి దురదలు, తుమ్ములు, ఉబ్బసం తెచ్చే మొక్క అది. వాన పడిన మర్నాడు, పూత రాకముందు, వేళ్లతో సహా పీకించండి. చేతులకు గ్లోవ్స్, ముక్కుకు గుడ్డ ఉండాలి, పిల్లల చేత చేయించకండి. పీకిన చోట తంటెపు మొక్క విత్తనం చల్లండి. వానాకాలంలో అది గుబురుగా పెరిగి వయ్యారిభామకు ఎండ తగలనివ్వదు. ఇది కూడా జీవ నియంత్రణే, పైసా ఖర్చు లేదు. పురుగును ఊరి బయట డొంకల్లో, బీడుల్లో పనిచేయనివ్వండి.

చేలగట్ల మీద ఇది ఉండటం మీకు ఇంకో రకంగా కూడా నష్టం. పత్తి పిండినల్లికి వయ్యారిభామ ఆశ్రయం ఇస్తుంది. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను కాల్చేసినట్టు చేసిన కాండం కుళ్లు వైరస్‌కు ఈ మొక్క పుప్పొడే వాహనం, తామరపురుగులు దాన్ని మోశాయి. మీ పెద్దవాళ్లు పురుగు మిర్చి మీద పడుతుందని భయపడుతున్నారు కదా, పంట మీద పడేవాటికి అసలు విడిది ఆ కలుపే అని చెప్పండి. గట్ల మీద 2,4-డి అనే కలుపుమందు కొట్టాలని ఎవరైనా సలహా ఇస్తే పత్తి దగ్గర అసలు వద్దు. గాలికి కొట్టుకొచ్చిన ఆవిరికే పత్తి ఆకులు కప్పకాలులా ముడుచుకుంటాయి.

షాపుల్లో ‘బయో’ అని రాసి అమ్మే కలుపు మందు సీసాలకూ నేను చెప్పినదానికీ సంబంధం లేదు. లోపల ఏముందో లేబుల్ మీద లేనిది ఏదీ కొనకండి.

ఇదే ఊపులో చిల్లకంప మీదికి కూడా పురుగు ఉందా అని అడుగుతారు, నాకు తెలుసు. అమరావతిలో 2024లో జంగిల్ క్లియరెన్స్ అంటూ నరికింది చాలావరకు అదే. దాని గింజలు తినే పురుగులను దక్షిణాఫ్రికాలో వదిలారు. చెట్టును చంపే పురుగును మాత్రం తేలేదు, ఎందుకంటే అక్కడ దాని కాయలు పశువుల మేత, కలప వంటచెరకు. మన పల్నాడులో ఎన్ని కుటుంబాలు చిల్లకంప బొగ్గు మీద బతుకుతున్నాయో మీకూ తెలుసు. పురుగును ఒకసారి వదిలితే ‘నా చేలో తిను, వాడి కంప ముట్టకు’ అని చెప్పలేం. ఒకరికి కలుపు, ఇంకొకరికి కూడు అయిన మొక్క మీదికి పురుగును దింపే ముందు ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాలి. గుర్రపుడెక్కకూ వయ్యారిభామకూ అలాంటి పక్షం వహించేవాళ్లు లేకపోవడం మన అదృష్టం.

మీరిప్పుడు చేయాల్సింది ఒక్కటే. రేపు పొద్దున్నే చెరువు గట్టున నిలబడి పది డెక్క ఆకులు కోయండి, నేను చెప్పిన మచ్చలు ఉన్నాయేమో చూడండి. ఒక నాలుగు కాడలు చీల్చి లోపల సొరంగం ఉందేమో చూడండి. ఆ ముక్కు పురుగు మీ చెరువులో ఇప్పటికే ఉండి, రెండేళ్లకోసారి వచ్చే పొక్లెయిన్‌తో గట్టున పడి చస్తూ ఉండవచ్చు. ఉంటే కొత్తగా తేవాల్సిన పని లేదు. ఈసారి పొక్లెయిన్ వచ్చినప్పుడు డ్రైవర్‌కు చెప్పి, పురుగు ఎక్కువ కనిపించిన మూలను ముట్టుకోనివ్వకండి.